టీవీ మీద దర్భ

మా పిన్నికి ముందు పళ్ళలో ఒకటి కొస అరిగి, చిన్న గాడి పడి ఉండేది. తీగ మీది తొక్క పంటితోనే తీసేది ఆవిడ. కత్తెర ఉండేది, చాకు ఉండేది, బాబాయి విజయవాడ నుంచి తెచ్చిన పట్టుకారు కూడా కొట్టులో ఉండేది. ఏవీ ముట్టేది కాదు. తీగ కొస నోట్లో పెట్టుకుని తల పక్కకి ఒక్క విసురు విసిరితే లోపలి రాగి బయటపడేది. తొక్క ముక్కని అరచేతిలోకి ఊసి, గోడవారకి పారేసి, మళ్ళీ పనిలో పడేది.

కార్తీకమాసంలో ఆవిడ పోయిందని కబురొస్తే నందిగామలో బస్సెక్కి జగ్గయ్యపేట వెళ్ళాను. హాల్లో చాప మీద పడుకోబెట్టారు. దవడకి గుడ్డ కట్టినా నోరు పూర్తిగా మూతపడలేదు. ఆ పన్ను కనబడుతూనే ఉంది. వచ్చినవాళ్ళందరూ మొహం ప్రశాంతంగా ఉందన్నారు. నేను మాత్రం ఆ పన్నునే చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళయినా ఆవిడ గురించి రాయబోతే ముందు అదే గుర్తొస్తుంది.

ఆవిడ మా అమ్మకి స్వయానా చెల్లెలు. చిన్నప్పుడు నాకు మూర్ఛలొచ్చేవని బడికి పంపలేదు. నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి తెలుగు, లెక్కలు, హిందీ చెప్పారు. సెలవులని వేరే లేవు గనక ఏ నెలలో పడితే ఆ నెలలో పిన్ని ఇంటికి వెళ్ళి ఉండేదాన్ని. దేవుడు నాకు బడి ఇవ్వలేదు గానీ ఆ ఇల్లు ఇచ్చాడు. అందుకు ఆయనకి రోజూ చెప్పుకునే కృతజ్ఞతల్లో పిన్నిది మొదటి వరసలోనే ఉంటుంది.

తొంభైలలో బాబాయిది వీడియో కొట్టు. టీవీ, వీసీఆర్ అద్దెకిచ్చేవారు. పెళ్ళి క్యాసెట్టు చూసుకోవడానికీ, పుట్టువెంట్రుకల వేడుకలకీ, ఊరికే సినిమా చూడటానికీ పట్టుకెళ్ళేవాళ్ళు. పెట్టెలు మోయడానికి మనుషులున్నారు. కానీ ఇంట్లో మగవాళ్ళు లేని పూట లోపలి గదిలోకి పరాయి మనిషి రావడం చాలామంది ఆడవాళ్ళకి ఇబ్బంది. అందుకని పిన్నిని రమ్మనేవారు. పెనుగంచిప్రోలు దాకా కూడా ఆటోలో, వీసీఆర్ ఒళ్ళో పెట్టుకుని, దాని మీద పైట కప్పుకుని వెళ్ళేది. వెళ్ళగానే కాళ్ళు కడుక్కుని టీవీ వెనక్కి చేరేది. ఇక అక్కణ్ణుంచి గొంతు మాత్రమే.

"బొమ్మొచ్చిందా?"

ముందు కూర్చున్నవాళ్ళు చుక్కలొస్తున్నాయనో, చారలనో, మనిషొచ్చాడు గానీ తల లేదనో చెబుతుంటే వెనకాల మర తిప్పుతూ సరిచేసేది. వచ్చిందనగానే ఇవతలికొచ్చి, చెమట తుడుచుకుని, మంచినీళ్ళు తాగి బయల్దేరేది. కూర్చుని చూసి పొమ్మంటే, వెనకాల నుంచే చూశాలే అమ్మా, బాగానే ఉంది అనేది. అన్నేళ్ళు సినిమాలు చూపించిన మనిషి ఒక్క సినిమా కూడా మొదటి నుంచి చివరిదాకా చూసి ఉండదు.

తీగలకుండే ఎరుపు, తెలుపు, పసుపు కొసల్ని ఆవిడ కుంకం, విభూది, పసుపు అనేది. కుంకం కుడి చెవికి, విభూది ఎడమ చెవికి, పసుపు కంటికి. నాకూ అలాగే నేర్పింది.

తర్వాత ఊళ్ళోకి కేబుల్ టీవీ వచ్చింది. వీడియో కొట్టు మూతపడింది. బాబాయి అదే గదిలో స్టీలు సామాన్లు పెట్టాడు. అమ్ముడుపోని వీసీఆర్ ఒకటి, పెద్ద చెక్కపెట్టె టీవీ ఒకటి, బోలెడన్ని క్యాసెట్లు ఇంట్లోకి చేరాయి.

వాళ్ళకి ఒక్కతే కూతురు. నాకు చెల్లెలు. నందిగామలో కాలేజీకి బస్సు మీద వెళ్ళొచ్చేది. కంప్యూటరు చదువు గనక బాబాయి ఇంట్లో ఒకటి కొనిపెట్టాడు. నిమ్మళమైన పిల్ల. చిన్నప్పటి నుంచీ అన్నీ వాళ్ళమ్మ పోలికలే, చివరికి మొహం మీద పడ్డ జుట్టుని చేత్తో కాకుండా తల పక్కకి విసిరి తోసుకోవడం కూడా. డిగ్రీ అయిన వేసవిలో స్నేహితురాళ్ళతో కలిసి గంగ ఒడ్డున ఒక ఆశ్రమానికి ధ్యానం నేర్చుకోవడానికి వెళ్ళింది. వాళ్ళు తిరిగొచ్చారు, ఇది రాలేదు. ఇక్కడే ఉండిపోతానని కొట్టుకి ఫోను చేసి తండ్రికి చెప్పింది. బాబాయి ఆ ఫోను పెట్టేసి, కొట్టు కట్టేసి, ఇంటికొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఆయన నోట కూతురి ఊసు తిన్నగా వచ్చింది లేదు.

పిన్ని మాత్రం ఎక్కడ కూర్చున్నా, ఏ పని చేస్తున్నా, ఒకటే మాట అనేది.

"నన్నొక్క మాట అడగలేదే అమ్మడూ. అడిగితే ఏమనేదాన్నో నాకే తెలీదు. అడగాలి కదా."

బియ్యం ఏరుతూ అనేది. దీపం వత్తి ఎగదోస్తూ అనేది. మొదట్లో నేను ఏదో ఒక ఓదార్పు చెప్పేదాన్ని. తర్వాత తెలిసింది, ఆవిడకి కావలసింది ఓదార్పు కాదు, ఆ అడగటం.

ఒకసారి ఆవిడా, నేనూ, మావారూ ఆ ఆశ్రమానికి వెళ్ళాం. నాకు హిందీ వచ్చు గనక నేను. బాబాయి రానన్నాడు. అక్కడివాళ్ళు మమ్మల్ని ఎంతో ఆదరంగా చూశారు. కడుపునిండా పెట్టారు, వెచ్చని దుప్పట్లిచ్చారు. కానీ సాధనలో ఉన్నవాళ్ళు విడిచొచ్చిన ఇంటివాళ్ళతో మాట్లాడకూడదట, అది నియమం. సాయంత్రం నది మెట్ల దగ్గర హారతికి తెల్లచీరల వాళ్ళంతా వరసలుగా వచ్చి కూర్చున్నారు. దూరం నుంచి చూశాం. చెల్లెలు ఇటు తిరగలేదు. తిరుగు ప్రయాణం రోజున పిన్ని ఆఫీసు గది గడప మీద కూలబడిపోతే, అక్కడ సేవ చేసే పెద్దాయన ఒకరు వంగి నెమ్మదిగా చెప్పాడు, అమ్మా, ఈ హారతి రోజూ ఇంటర్నెట్‌లో వస్తుంది, ఇంటి దగ్గరే చూసుకోండి అని. నేను ఆ మాట తెలుగులో చెప్పాను. పిన్ని ఏడుపు ఆపి, "ఏ తీగ మీద వస్తుందట?" అంది. ఆ పెద్దాయనకి ఈనాటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

జగ్గయ్యపేటలో అప్పుడప్పుడే టెలిఫోను తీగ మీద నెట్ ఇస్తున్నారు. పిన్ని వెంటనే పెట్టించింది. కంప్యూటరు ఉంది గానీ దాని తెర చిన్నది. షుగరుతో ఆవిడ చూపు మసకబారింది. ఆ చిన్న బొమ్మలో మనుషులు చీమల బారులా ఉన్నారంది. పెద్ద టీవీలో చూడాలి. ఆ టీవీ ఎప్పటిదో. యాంటెనా తీగ దూర్చే బొక్క తప్ప మరో బొక్క లేదు. నందిగామ కంప్యూటర్ షాపతను కంప్యూటర్లో ఒక కార్డు బిగించి, బొమ్మ బయటికైతే వస్తుంది గానీ మీ టీవీ తీసుకోదండి అన్నాడు. పిన్ని ఇంటికొచ్చి పాత వీసీఆర్ దింపింది. కంప్యూటరు తీగ వీసీఆర్‌కి, వీసీఆర్ తీగ టీవీకి. వీసీఆర్‌కి ధ్వని బొక్క ఒకటే ఉండటంతో కుంకం కొస ఊరికే వేలాడుతూ ఉండిపోయింది.

అది కుదిరిన సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. మొదట చుక్కలు. తర్వాత నలుపు తెలుపుల్లో ఏదో కదిలింది. షాపతనికి ఫోను చేసి, అతను చెప్పినట్టు కంప్యూటర్లో ఏదో మారిస్తే రంగు వచ్చింది. నది, దీపాలు, తెల్లచీరల వరసలు. అంతా గళ్ళు గళ్ళుగా, నీళ్ళలో ముగ్గు చెదిరినట్టు ఉంది.

"బొమ్మొచ్చిందా?" అంది పిన్ని టీవీ వెనక నుంచి.

"వచ్చింది పిన్నీ."

మర తిప్పడం ఆపింది. "అదొచ్చిందా?"

తెర దగ్గరికి జరిగి వెతికాను. ఆ గళ్ళలో మొహాలు లేవు. ఈలోగా మూడో వరసలో చివరి మనిషి తల పక్కకి విసిరింది. ఆ విసురుకి అక్కడి గళ్ళు చెదిరి, మెల్లగా మళ్ళీ అతుక్కున్నాయి. వచ్చిందన్నాను. ఆవిడ వెనక నుంచి ముందుకు రావడానికి టీవీ బల్లకి తగిలి పడబోయింది.

ఆ రోజు నుంచి సాయంత్రం పిన్ని ఎక్కడికీ కదిలేది కాదు. ముందు స్నానం, ఉతికిన చీర, ఆ తర్వాతే టీవీ. హారతి వస్తున్నంతసేపూ టీవీ ముందు మరో దీపం వెలిగించి కూర్చునేది. నెట్ నెమ్మదించి బొమ్మ ఆగిపోతే, ఇవాళ గంగ నీరసంగా ఉందే అనేది. బాబాయి అరుగు మీదే, టీవీకి వీపు పెట్టి కూర్చునేవాడు. ఊరందరికీ సినిమాలు చూపించి బతికాం, ఇప్పుడు మనం చూసుకునే సినిమా ఇది, అని ఒకసారి వీధి వైపు తిరిగే అన్నాడు. పిన్ని వినిపించుకోలేదు.

ఒక వేసవిలో, అది చిక్కిపోయిందే అమ్మడూ అంది. గళ్ళలో చిక్కడం ఎలా తెలుస్తుంది పిన్నీ అన్నాను.

"ఇదివరకు దానికి ఎక్కువ గళ్ళు పట్టేవి. ఇప్పుడు చాలటంలేదు."

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు.

ఆషాఢ అమావాస్యకి సూర్యగ్రహణం వచ్చింది. మధ్యాహ్నం దాటాక పట్టు. విడుపు కంటికి కనబడకుండానే సూర్యుడు అస్తమిస్తాడని పంచాంగంలో ఉంది. అలాంటప్పుడు మర్నాడు పొద్దున శుద్ధమైన సూర్యబింబం చూసి తలస్నానం చేసేదాకా దేన్నీ ముట్టకపోవడం మా ఇళ్ళలో పద్ధతి. నేను మా ఇంట్లో పచ్చడి జాడీల మీద, పాలగిన్నె మీద, దేవుడి పెట్టె మీద దర్భలు వేశాను. పిన్ని అవన్నీ చేసి, టీవీ మీద కూడా ఒక దర్భ వేసింది. పట్టుకి ముందు ఫోను చేసి తనే చెప్పింది. హారతి వచ్చేది అందులోకే కదా, మైల తగలకూడదు కదా అంది. అంతటితో ఆగక తీగ కూడా పీకేసిందట. ఎందుకంటే ఆ తీగ వీధి స్తంభం మీద నుంచి, ఆరుబయట ఎండలో నుంచి ఇంట్లోకి వస్తుంది. గ్రహణం వెలుగు దాని మీద పడుతుంది. నాకది తప్పనిపించలేదు. ఈనాటికీ తప్పని అనను. దేవుడి వస్తువుని కాపాడుకున్నట్టు కాపాడుకుంది.

ఆ ఒక్క సాయంత్రమే ఆవిడ హారతి చూడలేదు.

శ్రావణమాసం మొదటి శుక్రవారం నందిగామలో మా ఇంట పేరంటం. పిన్ని ముందురోజే వచ్చి శనగలు నానబోసింది. పేరంటాళ్ళలో మా వీధి బట్టల కొట్టు వారి ఆవిడ ఉంది. వాళ్ళ కుటుంబమంతా ఆ ఆశ్రమానికి భక్తులు, వాళ్ళింట్లోనూ నెట్ ఉంది. ఆవిడ వస్తూనే పిన్ని కాళ్ళకి వంగి దణ్ణం పెట్టింది.

"మీ కడుపు పండిందండీ అక్కయ్యగారూ. గ్రహణం దీక్షలకి మంచిదటగా, ఆ రోజు హారతిలో చూశాం. మీ అమ్మాయికి కాషాయం ఇచ్చారుగా. ఎంత బాగా అడిగిందో మిమ్మల్ని."

నేను ఎవరి పాదాలకో పసుపు రాస్తున్నాను. చెయ్యి ఆగింది.

"ఏమడిగింది?" అంది పిన్ని.

ఆవిడ నవ్వింది. పిన్ని వినయానికి అంటోందనుకుంది. "తెలీనట్టు అడుగుతారేంటండీ. సన్యాసం పుచ్చుకునేవాళ్ళు తల్లి అనుమతి అడగాలటగా, ఎవరి భాషలో వాళ్ళు. మనమ్మాయి తెలుగులోనే అడిగింది. అమ్మా, నన్ను పంపుతావా, అని."

"ఆ పూట నేను పెట్టలేదమ్మా. గ్రహణమని."

బట్టల కొట్టావిడ మొహం పాలిపోయింది. చెప్పకుండా ఉంటే బాగుండునని నా వైపు చూసింది.

"అడిగి?" అంది పిన్ని.

"అడిగి ఊరుకుందండీ. మీరేమన్నా అంటారేమోనన్నట్టు ఇటే చూస్తా ఉంది."

"ఎంతసేపు?"

"ఏమోనండీ. మేం బొమ్మ ఆగిపోయిందనుకున్నాం. మా వారు లేచి మళ్ళీ పెట్టబోయారు కూడా. ఈలోపు అమ్మాయి తల ఇలా అంది, పక్కకి. అప్పుడు తెలిసింది ఆగలేదని. ఆ తర్వాత స్వామివారు ఏదో అన్నారు, అందరూ జై కొట్టారు. అంతేనండీ."

పిన్ని చేతిలో ఉన్న తాంబూలం పక్కన పెట్టింది.

"తల ఎలా అందో మళ్ళీ ఒకసారి చూపించమ్మా."

ఆవిడ చూపించింది. కళ్ళ నీళ్ళతోనే చూపించింది. పిన్ని అలా చూస్తూ ఉండిపోయింది. తర్వాత లేచి, మిగిలిన పేరంటాళ్ళకి శనగలు తనే పంచింది. ఒక్కరికీ తక్కువ చేయలేదు.

మర్నాడు నేను ఆశ్రమానికి ఫోను చేశాను. హారతులు దాచిపెట్టడం లేదన్నారు. వచ్చింది వచ్చినట్టు పోతుందట. చెల్లెల్ని పైన కొండల్లో ఉన్న కుటీరానికి పంపించారట. అక్కడ ఫోనూ లేదు, నెట్టూ లేదు. తిరిగి ఎప్పుడు దింపుతారో చెప్పడానికి లేదన్నారు. వాళ్ళు కఠినంగా ఏమీ అనలేదు. ప్రతి మాటా "మాతాజీ" అనే చెప్పారు.

అప్పటి నుంచి పిన్ని రోజూ హారతిని వీసీఆర్లో క్యాసెట్టు పెట్టి పట్టేది. కొట్టు నాటి పాత క్యాసెట్లు, సినిమాలు, ఎవరెవరివో పెళ్ళిళ్ళు, వాటన్నిటి మీదా హారతులు ఎక్కించేసింది. మూడో వరస చివర ఇప్పుడు వేరే పిల్ల కూర్చుంటోంది. ఎవరిని పడుతున్నావు అందులో, అన్నాడు బాబాయి. మళ్ళీ ఏమన్నా అడిగితే, అంది. ఉరుములకీ మెరుపులకీ తీగ పీకడం మానేసింది. ఒక వానాకాలం పిడుగుపాటుకి మోడెమ్ కాలి ఇల్లంతా కమురు వాసనేస్తే, మర్నాడే నందిగామ వచ్చి మరొకటి కొనుక్కుంది. తర్వాత ఒక చంద్రగ్రహణం వచ్చింది. జాడీల మీద దర్భ వేసింది గానీ టీవీ దగ్గరికి పోలేదు.

చివరిసారి నేను చూసినప్పుడు ఆవిడ నేల మీద కూర్చుని ఏదో తీగకి ముడి వేస్తోంది. షుగరు ముదిరి వేళ్ళకి స్పర్శ తగ్గింది. రాగి పోగులు గుచ్చుకున్నా తెలియడం లేదు. వేలి కొసన చిన్న రక్తపు చుక్క ఉంది. నేను తుడవబోతే చెయ్యి వెనక్కి లాక్కుని, తల ఎత్తకుండానే అంది.

"వద్దనేదాన్నే అమ్మడూ. ఇంతకాలం ఏమనేదాన్నో తెలీదనుకున్నా. ఇప్పుడు తెలుసు. ఆ టీవీ పట్టుకుని, గొంతు పోయేదాకా వద్దనేదాన్ని."

పోగు మెలిపెడుతూ మళ్ళీ అంది.

"ఆ మాట నాకు తెలీకముందే దేవుడికి తెలుసు. దాన్ని వెళ్ళనివ్వాలని నా చేతే దర్భ పెట్టించాడు."

నేను దేవుణ్ణి నమ్ముకున్న మనిషిని. ఆయన ఏం చేసినా మంచికే చేస్తాడని నాన్నగారు అక్షరాలతో పాటే నేర్పారు. పిన్ని కూడా ఆ మాటే అంటోంది, కాకపోతే తన మీద తనే దావా వేసుకున్నట్టు అంటోంది. వంటింట్లోకి వెళ్ళి రెండు గ్లాసుల్లో కాఫీ కలిపి తెచ్చాను. ఆవిడ తాగింది. బాగుందంది.

కార్తీకంలో ఒక పొద్దున నిద్రలోనే పోయింది.

పాడె కడుతుండగా ఎవరో అన్నారు, ఆశ్రమానికి చెప్పాలి కదా అని. హిందీ వచ్చినదాన్ని నేనే. హాల్లోనే, ఆవిడ తల దగ్గర నిలబడి ఫోను చేశాను. అటువైపు ఒకామె ఎత్తింది. విన్నాక, కాసేపు ఏదో శ్లోకం చదివింది. కబురు పైకి పంపుతామంది, మంచు పడుతోంది గనక చేరడానికి రోజులు పడతాయంది. సన్యాసులకి మైల ఉండదు, రావడమూ ఉండదు, కానీ తల్లి పోయిందని వింటే మాత్రం కట్టుబట్టలతో నదిలో ఒక మునక మునుగుతారు, ఆ ఒక్కటి ఉంది, అని చెప్పింది. ఆ ఒక్కటైనా ఉన్నందుకు నేను ఫోనులోనే ఆమెకి నమస్కారం చెప్పాను.

బాబాయి పిన్ని పాదాల దగ్గర కూర్చుని ఉన్నాడు. నేను ఫోను పెట్టేశాక తలెత్తాడు.

"ఏమన్నారు?"

"కబురు పంపుతారట బాబాయ్. వినగానే అక్కడ నదిలో స్నానం చేస్తుందట."

బయట ఎవరో కొబ్బరాకులు నరుకుతున్నారు. బాబాయి జారిన గుడ్డ పిన్ని కాళ్ళ మీదికి సర్దాడు.

"దానికి చన్నీళ్ళు పడవమ్మా," అన్నాడు.